తొడల్లో యాసిడ్ ఉందట!

జిమ్ములో చేరిన మర్నాడు గోడ పట్టుకుని బాత్రూముకి నడుస్తున్న కుర్రాణ్ణి ఎవర్నయినా అడగండి, ఏమైందిరా అని. ‘లాక్టిక్ యాసిడ్ అంకుల్’ అంటాడు. ఇంటర్ కెమిస్ట్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు కూడా ఈ ఒక్క ఆమ్లం పేరు తడుముకోకుండా చెబుతాడు. వాడికి ట్రైనర్ చెప్పాడు. ట్రైనర్‌కి ఆయన ట్రైనర్ చెప్పాడు. గురుపరంపరగా వస్తున్న విద్య, శంకిస్తే కళ్ళు పోతాయి.

ఆ విద్య సారాంశం ఇది. నిన్న స్క్వాట్లు తీసినప్పుడు తొడల్లో యాసిడ్ ఊరింది. పోయే దారి లేక రాత్రంతా అక్కడే బైఠాయించింది. పొద్దున్నే కొరకడం మొదలెట్టింది. కాబట్టి దాన్ని ‘ఫ్లష్’ చెయ్యాలి. అందుకు మసాజ్ ప్యాకేజీ ఉంది, ఆల్కలైన్ నీళ్ళ సీసా ఉంది, నెలవారీ చందాలో ఎలాగూ కలవని ‘రికవరీ సెషన్’ ఉంది.

చిక్కల్లా ఒక్కటే. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్, అంటే ఒంట్లో ఈ యాసిడ్ ఉండే రూపం, మామూలు స్థాయికి దిగిపోతుంది. కొంత గుండె ఇంధనంగా కాల్చుకుంటుంది, కొంత కాలేయం మళ్ళీ గ్లూకోజుగా మార్చేస్తుంది. ఒంటికి అది చెత్త కాదు, సరుకు. నొప్పి మాత్రం మర్నాడు మొదలై రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. నిన్న సాయంత్రమే వెళ్ళిపోయినవాడు ఇవాళ ఎలా కొరుకుతున్నాడని ఏ బ్యాచ్‌లోనూ ఎవరూ అడగరు. అడిగితే ఇంకో ఇరవై స్క్వాట్లు.

న్యాయంగా చెప్పాలంటే ఈ యాసిడ్ భక్తి జిమ్ముల్లో పుట్టింది కాదు. కండరాల మీద పరిశోధనకు 1922 నోబెల్ పంచుకున్న ఏ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌ల కాలంలో పండితులంతా నమ్మిందీ ఈ యాసిడ్‌నే: లాక్టిక్ యాసిడ్ పుట్టడం వల్లే కండరం ముడుచుకుంటుందని. ఆ నమ్మకానికి తొలి దెబ్బ కొట్టినవాళ్ళలో ఒకరు మన భీమవరంలో పుట్టారు. యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని బయటపెట్టారు. కండరం పనిచేస్తుంటే అది విరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ కూడుకుంటుంది. 1929లో కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీనీ వాళ్ళే బయటపెట్టారు. అదే ఏడు, సాక్షాత్తు మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోనే కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ కప్ప కండరానికి విషం పెట్టి, లాక్టిక్ యాసిడ్ చుక్క కూడా పుట్టకుండా చేశాడు. కండరం శుభ్రంగా ముడుచుకుంది. 1932లో హిల్ తానే ఈ మార్పును విప్లవమని పేరుపెట్టి వ్యాసం రాశాడు. నోబెల్ అందుకున్న మనిషి మాట మార్చుకోవడానికి రెండేళ్ళు చాలాయి. మన కోచ్‌లకు తొంభై ఏళ్ళు దాటినా చాలడం లేదు.

ఇందులో అసలు వేడుక వేరే ఉంది. ఆ జిమ్ము కౌంటర్ మీదే క్రియాటిన్ డబ్బా ఉంటుంది. డబ్బా మీద సింహమో, మెడ లేని మనిషో. అది కండరంలో ఎందుకు పనికొస్తుందో తేల్చిన భీమవరం ఆయన ఫొటో మాత్రం ఏ డబ్బా మీదా చూడలేదు. ఆయన పద్ధతితో ఫాస్ఫరస్‌ను లెక్కకట్టిన హార్వర్డ్ ఆయనకు పర్మినెంటు కొలువు ఇవ్వలేదు. మనవాళ్ళు కనీసం చెంచాతో కొలిచి మింగుతున్నారు కదా, అదే పదివేలు.

ఇక కండరం లోపల నిజంగా ఏం జరుగుతుంది? ఒక్కో కండర తంతువులో సన్నటి పోగులు కట్టలుగా ఉంటాయి. ప్రతి పోగూ సార్కోమియర్లనే గదుల వరస. ఒక్కో గది పొడవు మిల్లీమీటరులో నాలుగు వందో వంతు, అంటే సెంటీమీటరు పోగులో సుమారు 4,000 గదులు. గది మధ్యలో మయోసిన్ అనే లావుపాటి తీగలు, రెండు గోడల నుంచీ లోపలికి చొచ్చుకొచ్చిన యాక్టిన్ సన్న తీగలు. నరం నుంచి కబురు రాగానే కాల్షియం విడుదలై యాక్టిన్ మీది కాపలాను పక్కకు తప్పిస్తుంది. అప్పుడు మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టి, లాగి, వదిలి, మళ్ళీ ముందుకెళ్ళి పట్టుకుంటాయి, బావిలో చేదను చెయ్యి మార్చి చెయ్యితో పైకి లాగినట్టు. ఒక్కో లాగుడు పది నానోమీటర్లకు మించదు. తీగలు కురచ కావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయంతే. 1954లో ఈ మాట ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు చెప్పాయి. రెండింట్లోనూ ఒక హక్స్‌లీ ఉన్నాడు, వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు.

ఏటీపీ ముఖ్యంగా కావలసింది పట్టు వదలడానికి. అది అయిపోతే తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే బిగుసుకుంటాయి. శవం కొయ్యబారేది అందుకే.

నొప్పి పుట్టేది కండరం పట్టుకుని ఉండగానే దాన్ని బలవంతంగా సాగదీసినప్పుడు. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట, గుండెదడ. యాసిడ్ ఎక్కువ పుట్టేది అప్పుడే. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ దిగుతాం. కానీ కాలు కింది మెట్టు మీద వాలిన ప్రతిసారీ తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. కొన్ని గదులు ఆ గుంజుడుకు తట్టుకోలేక లోపల చెదురుతాయి. మర్నాడు వాపు, సలుపు. కాబట్టి మర్నాటి కుంటుడు హాయిగా దిగినందుకు. స్క్వాట్లలో కిందికి దిగే సగం చేసేదీ ఇదే పని, బడిలో తీయించిన గుంజీలు చేసిందీ ఇదే.

ఇది కొత్త సంగతేం కాదు. ఈ నొప్పికి కారణం కండరంలో చిరుగుళ్ళని థియోడర్ హఫ్ 1902లోనే అన్నాడు. 1983లో మనుషులను సమతలం మీదా, పల్లం వైపూ పరుగెత్తించి చూశారు. సమతలం మీద లాక్టేట్ పెరిగింది, నొప్పి లేదు. పల్లం పరుగులో లాక్టేట్ పెద్దగా పెరగలేదు, నొప్పి దండిగా వచ్చింది. సెట్టు మధ్యలో భగ్గుమనే మంటలో ఆమ్లానికి కొంత వాటా ఉందంటే కాదనను. ఆ మంట నీళ్ళు తాగేలోపు తగ్గిపోతుంది. దానికెవడూ ప్యాకేజీ కొనడు.

మర్నాటి నొప్పికి కొంటాడు. అది ఏమీ చేయకపోయినా నాలుగైదు రోజుల్లో తగ్గిపోయే నొప్పి, ఒకసారి దెబ్బతిని సర్దుకున్న కండరం రెండోసారి అదే పనికి అంతగా మొరాయించదు కూడా. మూడు సిట్టింగుల ఫ్లష్ ప్యాకేజీ సరిగ్గా అయిదో రోజుకి పూర్తవుతుంది. ‘చూశావా బ్రో, యాసిడ్ మొత్తం పోయింది’ అంటాడు ట్రైనర్, రసీదు రాస్తూ.