కంచెకు తీగ కావలెను

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల శివార్లలో కొత్త ఇల్లు కట్టినవారు ప్రహరీ మీద ఇనుప జాలీ కంచె నిలబెట్టి దానికి తీగ పాకించడం ఇప్పుడు గృహప్రవేశానికి అనుబంధ క్రతువుగా స్థిరపడింది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టూ లేఔట్లు పెరిగిన కొద్దీ ఈ క్రతువుకు కర్తలూ పెరిగారు. తీగను ఎంచుకునే తీరు మాత్రం పెళ్లి సంబంధం చూసే తీరే: ఏడాది పొడవునా పూయాలి, ఆకు రాల్చరాదు, సువాసన ఉండాలి గాని తేనెటీగ వాలకూడదు, నెల తిరిగేలోగా కంచెను కప్పాలి గాని ఆ తరువాత జానెడు కూడా పెరగకూడదు, అన్నిటికీ మించి నీళ్లు అడగకూడదు. ఇన్ని సుగుణాలున్న తీగ వృక్షశాస్త్రానికి ఇంతవరకు చిక్కలేదు. ఫోన్లలో మాత్రం దాని ఫొటోలకు కొదవ లేదు.

ఆ ఫొటోల్లో ఊదారంగు గుత్తులతో వేలాడే విస్టేరియా, గట్టి చలికాలం గడిస్తే గాని సరిగా మొగ్గ తొడగని సమశీతోష్ణ మండలపు తీగ. క్లెమాటిస్ తన వేళ్ల దగ్గర నేల చల్లగా ఉండాలంటుంది. ఐవీకి నీడ ప్రాణం. వీటికి ఆహ్వానం పంపుతున్న నేల వర్షచ్ఛాయ ప్రాంతంలో, అంటే నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసి వట్టిపోయి వచ్చే చోట ఉంది. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు, ధర్మవరంలో వేసవి ఎండ 40 డిగ్రీలు తాకడం వార్త కూడా కాదు. తెప్పించిన తీగ మే నెలలో ఎండిపోతే ఎర్రమట్టిని మార్పించిన గృహస్థులు కనిపిస్తారు గాని, మనసు మార్చుకున్నవారు అరుదు.

చార్లెస్ డార్విన్ 1865లో ప్రకటించిన సుదీర్ఘ పత్రంలో పాకే మొక్కలను అవి ఎక్కే పద్ధతిని బట్టి విడదీశాడు: కాండంతోనే ఆధారాన్ని చుట్టుకునేవి, ఆకు కాడతోనో నులితీగతోనో పట్టుకునేవి, కొక్కేలు తగిలించి ఎగబాకేవి, వేళ్లతో అంటుకునేవి. నులితీగ అంటే బీర, కాకర, దొండ తీగల కణుపుల దగ్గర మెలికలు తిరిగే సన్నని పోగు. దానికి లావుపాటి కమ్మీ అందదు, పురికొస చాలు. శంఖుపుష్పం, చిక్కుడు, తిప్పతీగ కాండంతోనే చుట్టుకుంటాయి గనుక వాటికి నిలువు కర్ర ఉంటే సరిపోతుంది. అయితే ఇక్కడ కమ్మీ లావును వెల్డరు, తీగ జాతిని పొరుగింటి కంచె నిర్ణయిస్తాయి గనుక రెంటికీ పొంతన కుదరడం దైవాధీనం. మధ్యాహ్నం కాలిన ఇనుమును తాకి లేత చిగురు మాడిపోతే దిష్టి తగిలిందని బూడిద గుమ్మడికాయ కడతారు. ఆ గుమ్మడీ ఒక తీగకే కాస్తుందన్న సంగతి, దాని నులితీగకు ఎలాంటి ఆధారం కావాలన్న సంగతి ఆ శుభవేళ ఎవరికీ తట్టదు.

ఇక మనీ ప్లాంటు సిద్ధాంతం ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనది. ఈ మొక్కను కొనకూడదట, దొంగిలించి తేవాలట. పైకి పాకితే ఐశ్వర్యం, కిందికి వేలాడితే అప్పులట. పసిఫిక్ మహాసముద్రంలోని మొఒరేయా దీవి దీని పుట్టినిల్లు. పెద్ద చెట్ల నీడలో మానులను వేళ్లతో పట్టుకుని ఎక్కడం దీని స్వభావం. పడమటి ఎండ నేరుగా పడే జాలీకి ఎక్కిస్తే ఆకు పాలిపోయి మాడుతుంది కాబట్టి, సిద్ధాంతం ప్రకారం ఉగాది దాటేసరికి సగం లేఔటు దివాలా తీయాలి. గృహరుణం ఇచ్చే బ్యాంకులు ఈ ప్రమాదాన్ని ఇంకా లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

వాడిపోని తీగ మీద మోజు ఈ సీమకు కొత్తది కాదు. హిందూపురానికి సమీపాన లేపాక్షి వీరభద్రాలయంలోని లతామండపం స్తంభాల మీద 16వ శతాబ్ది శిల్పులు రాతిలో లతలు అల్లారు. ధర్మవరం నేతగాళ్లు జరీ అంచులో ఈనాటికీ అల్లుతున్నారు. అయితే తాము చేస్తున్నది బొమ్మ అన్న ఎరుక వారికి ఉంది. ప్లాస్టిక్ తీగను జాలీకి కట్టించి పచ్చదనం పెంచామని చెప్పుకునేవారికి ఆ ఎరుక లోపించింది. అతినీలలోహిత కిరణాలకు, అంటే కంటికి కనపడని ఎండ భాగానికి, ప్లాస్టిక్ రంగు వెలిసి పెళుసెక్కి పొడిగా రాలుతుంది గనుక, ఆకు రాల్చరాదన్న షరతును అదీ తప్పుతుంది.

చలికాలంలో అనపకాయల కోసం, పితికిన పప్పు కోసం సంతలో ఎగబడే కుటుంబమే, వృక్షశాస్త్రం దృష్టిలో ఆ జాతికే చెందిన పందిరి చిక్కుడును వీధి కంచెకు ఎక్కించడం నామోషీ అనుకుంటుంది. పరాయి తీగే కావాలంటే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కాగితపు పూల తీగ, బోగన్‌విల్లా, ఈ నేలకు చక్కగా సరిపోతుంది. ముళ్ల ఆసరాతో వాలే జాతి కాబట్టి దాన్ని తాడుతో కట్టాలి. రంగురేకులుగా కనిపించేవి పుచ్ఛాలు, అంటే లోపలి చిన్న పూలను కాచే రంగు ఆకులు. నీరు తగ్గించి ఎండలో వదిలేస్తేనే అది విరగబూస్తుంది. యజమాని మాత్రం ట్యాంకరుకు డబ్బు కట్టాను కదా అని రోజూ నీళ్లు పోయిస్తాడు, తీగ ఆకులే వేసి పూత మానేస్తుంది, అచ్చిరాలేదని దాన్ని నరికించి అదే రంగు ప్లాస్టిక్ తీగను కట్టిస్తాడు, దానిమీద పేరుకునే రోడ్డు దుమ్ము వదిలించడానికి రోజూ సాయంత్రం పైపు పడతాడు.