పరుగెత్తి నీళ్లు తాగేవాళ్లు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు మారథాన్‌కు తయారవుతున్నారు. మొన్నమొన్నటిదాకా లిఫ్టు ఆగితే మూడో అంతస్తు ఎక్కలేక వాచ్‌మన్‌ని చెడామడా తిట్టిన మనిషి, ఇప్పుడు నాలుగింటికే లేచి చీకట్లో మెరిసే బనీను తొడుక్కుని గేటు దాటుతున్నారు. ఆదివారం లాంగ్ రన్ కనక శనివారం రాత్రి ఎవరి పెళ్లయినా సరే, ఆయన హాజరు అక్షింతల వరకే. పలకరిస్తే "ఐటీ బ్యాండ్ పట్టేసిందండీ" అన్నారు. హైటెక్ సిటీలో కొత్త కంపెనీ కాబోలనుకున్నాను. తొడ పక్కగా మోకాలి దాకా ఉండే పట్టీ అట.

వాళ్లావిడకు మాత్రం ఒక్కటే బాధ. షుగరు అంచున ఉన్నారని డాక్టరు మాన్పించిన అన్నం, కార్బ్ లోడింగ్ పేరుతో దొడ్డిదారిన కంచంలోకి వచ్చేసింది. శాస్త్రం ప్రకారం అది తప్పేం కాదు. కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ చాలామందికి ముప్ఫై కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. కాళ్లు మొరాయిస్తాయి. దాన్నే వీళ్లు "గోడకు గుద్దుకోవడం" అంటారు. కాకపోతే ఆ లోడింగు పందేనికి ముందు రెండు మూడు రోజులు. మా సెక్రటరీగారు ఉగాది నుంచీ లోడ్ చేస్తున్నారు. పందెం ఆగస్టు నెలాఖరున.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలన్నారు. వేలకు వేలు కట్టి పరుగెత్తి నీళ్లు తాగే తరం ఒకటి వస్తుందని పాపం వాళ్లకేం తెలుసు?

బూట్ల సంగతి సరేసరి. 2017లో కార్బన్ పలక పెట్టిన బూట్లు బజారుకొచ్చాక రికార్డులు వరసగా కూలాయి. చివరికి పోటీల్లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ గీత గీయాల్సి వచ్చింది. ఉత్తకాళ్లతో పరుగెత్తడానికి పేరుపడ్డ మన శివనాథ్ సింగ్ మాత్రం 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. ఆ జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కు చెదరకుండా నిలిచింది. ఈ మాట మా సెక్రటరీగారి చెవిన వేస్తే, "ఆయనకు ఈ పలక ఉంటేనా..." అని నిట్టూర్చారు. శివనాథ్ సింగ్ మీద జాలి చూపించిన మొదటి మనిషిని అలా చూశాను.

ఇక వాచీ. మొన్న గేటు దగ్గరికొచ్చేసరికి 9.94 కిలోమీటర్లు చూపించింది. సెల్లార్లో తిరుగుదామంటే అక్కడ జీపీఎస్ అందదు. అందుకని వాచ్‌మన్ కుర్చీ చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. టీ తాగుతున్న వాచ్‌మన్‌కు లేవాలో కూర్చోవాలో తోచక గ్లాసు పట్టుకుని ఆయన ఎటు తిరిగితే అటు తల తిప్పాడు. పది నిండింది. ఆ పరుగు యాప్‌లో ఎక్కింది కాబట్టి జరిగినట్టే లెక్క.

ఇంత సాధనా ఎందుకయ్యా అంటే, ఏడాదికి ఒక్క పూట నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా హైదరాబాద్ రోడ్డు మీద మనిషి కాళ్లు మోపవచ్చు. కార్లను ఆపి మనిషిని పంపే సుదినం. మిగతా రోజుల్లో ఫుట్‌పాత్ మీద బళ్లు, బళ్ల మీద మనం. మామూలుగా మన రోడ్లు ఆగేది వీఐపీ కాన్వాయ్ కోసం. ఆ మాటకొస్తే మారథాన్ కొలత కూడా దొరలు పెట్టిందే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసింది. అలా తేలిన 42.195 కిలోమీటర్లనే 1921లో ఖాయం చేశారు. రాణిగారు కాలు కదపకుండా చూడాలని లోకమంతా నేటికీ పరుగెడుతోంది.

కిందటేడు పందెం రోజున మా అంతస్తులో పనిచేసే ఆవిడ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. రోజూ తెల్లవారకముందే లేచి, ఇంట్లో వంట చేసి పెట్టి, నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఆ వేళ బారికేడ్ దగ్గర ఆపేశారట. రోడ్డు మీద నడిచేవాళ్లు ఉన్నారు కదా అంటే, వాళ్లకు నంబరుంది, నీకు లేదన్నారట. నిజమే. ఆఖరి పది కిలోమీటర్లు సగం మంది నడిచేది ఆవిడకంటే మెల్లగానే.

ఈసారి సెక్రటరీగారు ఆ నంబరున్న బిబ్ తెచ్చుకుని, నాలుగు పిన్నీసులూ సరిచూసుకుంటుంటే ఆవిడ చీపురు పక్కన పెట్టి చూసింది.

"సార్, గా నంబర్ కాయితం నాకొకటి ఇప్పియ్యుండ్రి. రోజూ రోడ్డు దాటేటప్పుడు పెట్టుకుంట. కార్లు ఆగుతయంట గద."

ఆయన నొచ్చుకున్నారు. మనసున్న మనిషే.

"ముందే చెప్పాల్సిందమ్మా. ఎర్లీ బర్డ్ ఆఫర్ ఎప్పుడో అయిపోయింది" అన్నారు.