గొయ్యికీ ఇఖామా కావాలి

సౌదీ అరేబియాలో కాగితం లేకుండా కనబడకూడనివి రెండు. ఒకటి మాలాంటి పరదేశి, రెండోది రోడ్డు మీద గొయ్యి. మొదటివాడికి ఇఖామా, అంటే నివాస కాగితం. రెండోదానికి తస్రీహ్, అంటే అనుమతి పత్రం. నేను మొదటి జాతికి చెందినవాణ్ణి. రెండో జాతికి కాగితాలు పుట్టించడం నా ఉద్యోగం. రియాద్‌లో కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు, ఫైబర్ తీగలు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో నన్ను పర్మిట్ కోఆర్డినేటర్ అంటారు.

ఈ ఉద్యోగం గురించి ఊళ్లో చెప్పడం అంత తేలిక కాదు. నా పెళ్లిచూపుల్లో అమ్మాయి తరఫు పెద్దాయన "అబ్బాయి అక్కడ ఏం చేస్తాడండీ?" అని అడిగితే మా నాన్న దాపరికం లేకుండా "గోతులు తవ్విస్తాడండీ" అన్నాడు. పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టి "ఎవరికి?" అన్నాడు. మా అమ్మ కలగజేసుకుని "ఊరికే కాదులెండి, గవర్నమెంటు పర్మిషన్ తీసుకునే తవ్విస్తాడు" అని సర్దబోయేసరికి ఆయనకు అనుమానం ఇంకాస్త ముదిరింది. తవ్వేదేదో అంత దూరాన, ఎడారిలో తవ్వుతాడు కదా అనుకున్నారో ఏమో, మొత్తానికి సంబంధం కుదిరింది.

పెద్దాయన్ను తప్పుపట్టలేను. గొయ్యికి పర్మిషన్ అంటే మన వీధుల్లో ఎవరు నమ్ముతారు? మన గొయ్యి స్వతంత్ర జీవి. రాత్రికి రాత్రి వెలుస్తుంది. ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో, ఎప్పుడు పూడుస్తారో వీధిలో ఒక్కరికీ తెలియదు. ఎవరో పుణ్యాత్ముడు అందులో ఓ చెట్టుకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కడతాడు. ఆ కొమ్మ చిగురించిన గోతులు నేను చూశాను. నిబంధనలు లేక కాదు. హైదరాబాద్‌లో రోడ్డు కోయాలంటే జీహెచ్ఎంసీ అనుమతి తీసుకోవాల్సిందే. వానాకాలం వస్తే ఆ అనుమతులు ఆపేస్తారు కూడా. 2023 మార్చి 22న సాక్షాత్తూ ప్రధానమంత్రి 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ ప్రారంభించారు. తవ్వబోయేవాడు భూమిలో ఎవరెవరి తీగలూ గొట్టాలూ ఉన్నాయో వాళ్లకు ముందే కబురు పెట్టాలన్నది దాని ఉద్దేశం. మా వీధిలో ఇప్పటికీ తవ్వాకే ఫోన్లు మోగుతాయి, నిన్నటి నుంచి నల్లా రావట్లేదని.

సౌదీలో అలా కుదరదు. ఇక్కడ గొయ్యికి ముందుగా ఒక కఫీల్, అంటే పూచీదారు, ఉండాలి. కాంట్రాక్టరు తనంతట తాను పార పట్టుకోలేడు. కరెంటు సంస్థో, నీళ్ల సంస్థో, టెలికాం సంస్థో "ఈ గొయ్యి మాది, దీని మంచిచెడ్డలు మావి" అని పూచీ పడాలి. ఆ తర్వాత జాతకం మొదలవుతుంది. ఏ పేట, ఏ వీధి, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు, తవ్వేదెవరు, పర్యవేక్షించే కన్సల్టెంట్ ఎవరు, ఏ తేదీన పుట్టి ఏ తేదీన పోతుంది. అన్నీ రాసి, మ్యాపు మీద గీత గీసి మరీ చూపించాలి. నా ఇఖామాలో నా గురించి ఇన్ని వివరాలు లేవు. నా లోతెంతో ఇంతవరకూ ఏ ఆఫీసూ అడగలేదు.

దేశం మొత్తానికీ మునిసిపాలిటీల శాఖవారి 'బలది' అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. రియాద్‌కైతే ఇదివరకు అమానా, అంటే ఇక్కడి మహాబల్దియా, చూసుకునేది. ఇప్పుడు రియాద్ ప్రాంత మౌలిక సదుపాయాల ప్రాజెక్టుల కేంద్రం అని ఒకటి వెలిసింది. అదెందుకు వెలిసిందో తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లవాళ్లు తవ్వి, పూడ్చి, తారు వేసి వెళ్తారు. ఆ తారు మీద వేడి తగ్గకముందే కరెంటువాళ్లొస్తారు. వాళ్ల వెనకే ఫైబర్‌వాళ్లు. ఒకరికొకరు ముందే చెప్పుకుంటే ఒకే కందకంలో అందరి పనీ అయిపోతుంది కదా అన్న జ్ఞానోదయానికి ప్రభుత్వ భవనం కట్టి, బోర్డు పెట్టారన్నమాట. ఈ విషయంలో మనవాళ్లనూ మెచ్చుకోవాలి. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలూ పరచాలన్న ఆలోచన పట్టాలెక్కింది. ఒక గొయ్యి, రెండు పనులు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇలాంటి వార్త వింటే కళ్లు చెమరుస్తాయి.

రియాద్‌లోని ఆ ప్రాజెక్టుల కేంద్రం సరే అన్నా, పెద్ద రోడ్డయితే మురూర్, అంటే ట్రాఫిక్ శాఖ, సరే అనాలి. కార్లు ఎటు మళ్లుతాయో బొమ్మ గీసివ్వాలి. రద్దీ వీధుల్లో రాత్రిపూటే తవ్వమంటారు. పగలు తవ్వనిచ్చే చోట వేసవి అడ్డొస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. మంచి నిబంధన, చేయెత్తి మొక్కాలి. ఆ మూడు గంటలూ మా పొక్లెయిన్ నీడలో మనుషులు పడుకుంటారు, గొయ్యి ఒక్కటే ఎండలో ఉంటుంది. దాని గడువు మాత్రం ఆ మూడు గంటలూ ఆగకుండా కరుగుతూనే ఉంటుంది.

ఇంతా చేసి తవ్వాక గొయ్యి తన కాగితాన్ని రొమ్ము మీద వేలాడదీసుకుని నిలబడాలి. లైసెన్సు నంబరు, కఫీల్ పేరు, కాంట్రాక్టరు పేరు, తేదీలతో ఓ బోర్డు. చుట్టూ అడ్డుగోడలు, రాత్రికి మిణుకుదీపాలు, ఇళ్ల గేట్ల ముందు కారు దాటడానికి ఇనప పలకలు, మనుషులు నడవడానికి దారి. తవ్విన మట్టి కాలిబాట మీద కనబడకూడదు. మురాఖిబ్ అనే తనిఖీ అధికారి వస్తాడు. ఆయన గొయ్యిలోకి తొంగిచూడడం నేనెప్పుడూ చూడలేదు, చుట్టుపక్కల చూస్తాడు. ఫోన్ తీసి రెండు ఫోటోలు కొడితే ఆ సాయంత్రం కంపెనీ వాట్సాప్‌లో 'ముఖాలఫా', అంటే ఉల్లంఘన, అని వస్తుంది, ఎన్ని రియాళ్లో పక్కనే ఉంటుంది. ఆ మాట చదవగానే మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, బీపీ బిళ్ల గుర్తొస్తుంది.

మురాఖిబ్ రాకపోయినా వీధివాళ్లున్నారు. 940కి ఫోన్ చేస్తే చాలు, ఫిర్యాదు నమోదైపోతుంది. మేము ఒక పేటలో నీళ్ల పైపు వేస్తుంటే ఎదురింటి సౌదీ పెద్దాయన మా కుర్రాళ్లందరికీ గహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు స్వయంగా మోసుకొచ్చి ఇచ్చాడు. ఒక్కొక్కణ్ణీ ఏ ఊరని అడిగాడు, పిల్లలెందరని అడిగాడు, దేవుడు మీకు బలాన్నివ్వాలన్నాడు. లోపలికెళ్లి 940కి ఫోన్ చేశాడు, ఇనప పలక మీద కారు ఎక్కినప్పుడల్లా చప్పుడుకు నిద్ర పట్టడం లేదని. మర్నాడు మళ్లీ గహ్వా తెచ్చాడు. ఆతిథ్యం వేరు, ఫిర్యాదు వేరు. రెండూ కలిపేసుకుని మొహమాటపడటం మన జబ్బు.

ఇక అసలు కష్టం భూమిలో ఉంటుంది. నక్షలో తీగ ఇక్కడుందంటే అది అక్కడే ఉండాలని రూలేమీ లేదు. అందుకని పొక్లెయిన్ దింపేముందు పలుగూ పారతో చిన్న గొయ్యి తవ్వి చూస్తాం. ఓసారి అలా తవ్వుతుండగా మా ఫోర్‌మన్, జగిత్యాల అన్న, ఫోన్ చేశాడు.

"సార్, ఈడ నల్లతీగ ఒకటి ఎల్లింది. నక్షల లేదు."

"ఎవరిదన్నా?"

"ఎవ్వలదో నాకేమెరుక? నేనైతే ముట్ట."

అన్ని సంస్థల ఇంజనీర్లకూ కబురు పెట్టాను. కరెంటాయన వచ్చి చూసి "మాది కాదు" అన్నాడు. టెలికాం ఆయన వచ్చి "మాది ఇంత పాతది కాదు" అన్నాడు. నీళ్లాయన కారు దిగకుండానే "నాది పైపు" అని చెప్పి వెళ్లిపోయాడు. అయితే కోసి పారేద్దామా అని అడిగితే ముగ్గురూ ఒక్క గొంతుతో "ఆ మాట మేం అనలేదు" అన్నారు. చివరికి కందకాన్నే కాస్త పక్కకు జరిపాం. అందుకు తస్రీహ్‌లో సవరణ, దానికి కొత్త నక్ష, దాని మీద మళ్లీ అందరి సంతకాలు. ఆ అనాథ తీగ చుట్టూ మెత్తటి ఇసుక పోసి, పైన హెచ్చరిక టేపు కూడా పరిచాం. కాగితం లేని జీవికి రియాద్‌లో అంత మర్యాద జరగడం నేను మరెక్కడా చూడలేదు.

మనుషుల్లోనూ ఇలాంటివాళ్లుంటారు. కఫీల్‌ను వదిలేసి బయట పనిచేసుకునేవాళ్లను మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. పనివాడు చెప్పకుండా వెళ్లిపోయాడని కఫీల్ రాసిస్తే హురూబ్. గోతుల్లోనూ ఈ రెండు తెగలూ ఉన్నాయి. అనుమతి లేకుండా రాత్రి తవ్వేసింది ఖల్లివల్లి గొయ్యి. కాంట్రాక్టరు డబ్బుల్లేక వదిలేసి పోయింది హురూబ్ గొయ్యి. ఒక్కటే తేడా. మనుషులకు ప్రభుత్వం 2013లోనూ, 2017లోనూ కాగితాలు సరిచేసుకోవడానికో జరిమానా లేకుండా ఇంటికి వెళ్లిపోవడానికో గడువిచ్చింది. ఎందరో తెలుగువాళ్లు అప్పుడే విమానం ఎక్కారు. గోతులకు ఇంతవరకు క్షమాభిక్ష ప్రకటించలేదు.

ఈ చిన్నాచితకా గోతుల మధ్య రియాద్ మెట్రో ఒక్కటే రాజవంశం. 2013లో కాంట్రాక్టులు, 2014లో పనులు, 2024 డిసెంబరు 1న మొదటి రైళ్లు. ఆరు లైన్లు, 176 కిలోమీటర్లు, 85 స్టేషన్లు. శుక్రవారం మన తెలుగువాళ్లంతా చేరే బథా పేటలో ఏళ్ల తరబడి ఆ అడ్డుగోడలే. బిర్యానీ హోటలు ఎదురుగానే కనబడేది. చేరడానికి మాత్రం అర కిలోమీటరు తిరగాలి. ఇప్పుడు నాలుగు రియాళ్లిస్తే అదే పేట కిందనుంచి చల్లగా తీసుకెళ్తున్నారు. ఏడెనిమిది మీటర్ల కందకానికి నా చేత అన్ని సంతకాలు పెట్టించుకున్న ఊరు, ఆ మహాగొయ్యికి ఎన్ని పెట్టించుకుందో తలుచుకుంటే నాకు భక్తి కలుగుతుంది.

మామూలు గొయ్యికి ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం విడిచి శాశ్వతంగా వెళ్లిపోయే అనుమతి, కూడా తేలికేం కాదు. పొరలు పొరలుగా మట్టి పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించి బిగించాలి. బిగిసిందో లేదో లేబొరేటరీవాళ్లు వచ్చి పరీక్షిస్తారు. అంచులు కత్తితో కోసినట్టు కోసి తారు వేయాలి. రిపోర్టులన్నీ ఎక్కించాక, ఇక్కడ ఒకప్పుడు గొయ్యి ఉండేదని ఎవరికీ తెలియనప్పుడు, ఫైలు మూస్తారు. ఇరవై ఏళ్లు పనిచేసి వెళ్లిపోయే మా క్యాంపు కాకాలకూ ఇదే పద్ధతి, లేబొరేటరీ పరీక్ష ఒక్కటి తప్ప.

ఈమధ్య నా ఇఖామా గడువూ, మావాళ్లు తవ్విన ఓ కందకం గడువూ ఒకే వారంలో తీరిపోయేలా వచ్చాయి. రెండు ఫైళ్లూ పట్టుకుని ముదీర్ గదిలోకి వెళ్లాను. ఆయన నా ఫైలు పక్కన పెట్టి కందకం ఫైలు తెరిచాడు.

"సార్, నాది కూడా గురువారంతో అయిపోతుంది" అన్నాను.

"నీది లేటయితే మొదటిసారికి ఐదొందల రియాళ్లు, అంతే" అన్నాడు ఆయన, చాలా ఓపిగ్గా. "ఇది లేటయితే ఎంతో నీకు తెలియదా? లెక్కలు వేసేది నువ్వే కదా."

లెక్కలు వేసేది నేనే. ఆయన చెప్పింది రైటే. సాయంత్రానికల్లా కందకానికి పదిహేను రోజుల పొడిగింపు తెప్పించాను.