పరగడుపు పరీక్ష

మా దాచేపల్లిలో చెవికి విశ్రాంతి ఉండదు. ఒకవైపు నాపరాళ్ళు కోసే మిషన్లు, ఇంకోవైపు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద సిమెంటు లారీలు, సందు దొరికితే నడికుడి స్టేషన్‌ నుంచి రైలు కూత. మేం మామూలుగా మాట్లాడుకుంటున్నా కొత్తవాళ్ళు పోట్లాట అనుకుంటారు. (పల్నాడు కదా, ఆ అనుమానం ఎలాగూ ఉంటుంది.) అలాంటి ఊళ్ళో నా కారు ఇంజన్‌కు ఒక సన్నపాటి గలగల పట్టుకుంది.

కారు పాతది, డీజిల్‌ది. నాకంటే ముందు దాన్ని ఏలినాయన ఒక మిర్చి వ్యాపారి. ఇంజన్ ఆయిల్ విషయంలో ఆయనకో సిద్ధాంతం ఉంది: తగ్గితే పోయాలి గానీ, ఉన్నదాన్ని పారబోసి మార్చడం దేనికి? ఆ సిద్ధాంతాన్ని ఏళ్ళ తరబడి ఆచరించి, దాని ఫలితం పైకి వినబడే సమయానికి కారు నాకు అమ్మేశాడు. బేరాల్లో ఆయనకు మంచి పేరుంది మరి.

బానెట్ కింద ఉన్నది ఫియట్ వాళ్ళు రూపొందించిన 1.3 మల్టీజెట్, 1248 సీసీ. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మారుతి దాన్ని మన ఊళ్ళలోకి తెచ్చింది. ఆ తర్వాత డిజైర్‌లో అదే, రిట్జ్‌లో అదే, ఇండికా విస్టాలో అదే, పుంటోలో అదే. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దానికి ‘జాతీయ ఇంజన్’ అని ముద్దుపేరు పెట్టారు. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లే మానేసింది గానీ, అప్పటికే మా వైపు ఈ ఇంజన్ గురించి తెలియని మగవాడు మిగల్లేదు. నా తంటాకు సగం కారణం అదే.

పొద్దున తాళం తిప్పగానే రెండు సెకన్లు గలగల. ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు నున్నగా తిరుగుతుంది. ఎవరినైనా పిలిచి వినిపిద్దామంటే మళ్ళీ రాదు. అయినా వినకుండానే అందరూ తేల్చేశారు. ట్రాక్టరున్న మామయ్య ‘ట్యాపెట్లు పోయినయ్ అల్లుడూ’ అన్నాడు. రాళ్ళమిషను ఆయన బేరింగ్ అన్నాడు. టీ బంకు దగ్గర ఒకాయన డీజిల్ కల్తీ అన్నాడు. వరసగా బోర్లు ఎండిపోయిన రైతొకాయన ‘బోరుకొచ్చిందేమో’ అని నిట్టూర్చాడు. ఆయన ఏ బోరు గురించి అన్నాడో నేను అడగలేదు.

అత్తయ్యది వేరే దారి. దిష్టి అంది. ఎండు మిరపకాయలు బానెట్ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే లేనట్టు. అది శాస్త్రం. కానీ ఆవిడ వేసింది తేజ రకం. వీధి వీధంతా దగ్గి, అటుగా పోయే ఆటోవాడు బండాపి కళ్ళు తుడుచుకున్నాడు. దిష్టి లేదని నిర్ద్వంద్వంగా తేలింది. మొత్తం ఈ వ్యవహారంలో ఒక పద్ధతి ప్రకారం జరిగిన మొదటి పరీక్ష అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

చివరికి షెడ్డుకు తీసుకెళ్ళాను. మేస్త్రి స్టార్ట్ చేశాడు. కారు బుద్ధిమంతురాలిలా పలికింది. ‘పొద్దున చేసింది మేస్త్రీ, ఒట్టు’ అన్నాను.

‘టీ, టిఫిన్ అయినాక షుగరు చూపించుకుంటే ఏం తెలుస్తది సార్? పరగడుపున చూడాలి. రాత్రికి ఇక్కడే వదిలెయ్’ అన్నాడాయన.

ఇందులో తిరకాసు ఇది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేదే టైమింగ్ చైను. చైను వదులు కాకుండా ఒక టెన్షనర్ దాన్ని బిగబట్టి ఉంచుతుంది. ఆ టెన్షనర్‌కు బలం ఆయిల్ ప్రెషర్. రాత్రంతా బండి ఆగితే ఆయిల్ సంపులోకి దిగిపోతుంది. పొద్దున పంపు మళ్ళీ ప్రెషర్ అందించేదాకా, ఆ రెండు మూడు సెకన్లూ చైనుకు అదుపుండదు. గట్టి చైనైతే సర్దుకుంటుంది, అరిగిన చైనైతే గైడుకేసి కొట్టుకుంటుంది. దీన్ని కోల్డ్ స్టార్ట్ శబ్దం అంటారు. ఎండలకు పేరుమోసిన రెంటచింతలను పక్కన పెట్టుకుని కోల్డ్ ఏమిటని నవ్వొచ్చింది గానీ, ఇక్కడ లెక్క చలి కాదు, రాత్రంతా కదలకుండా ఉండటం.

మర్నాడు రాళ్ళమిషన్లు లేవకముందే షెడ్డుకు చేరాం. రెండు సెకన్లలో ఇంజన్ అంతా వినడం ఒక మనిషి వల్ల కాదు. మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను టైమింగ్ కవర్‌కు ఆనించి, పిడిని చెవి ముందుండే ఎముకకు నొక్కిపట్టుకున్నాడు. కుర్రాడు ఇంకో స్క్రూడ్రైవర్‌తో ట్యాపెట్ కవర్ మీద. మామయ్య ఎవరూ చెప్పకుండానే హెడ్‌లైటుకు చెవి ఆనించాడు.

తాళం తిప్పాను. గలగల, ఆపైన నిశ్శబ్దం. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. మేస్త్రి స్క్రూడ్రైవర్ దించి ‘చైనే’ అన్నాడు. ‘నాకూ అట్నే వినపడింది’ అన్నాడు మామయ్య, హెడ్‌లైటు దగ్గర్నుంచి.

మేస్త్రి తొందరపడలేదు. స్కానర్ పెట్టి క్రాంక్, క్యామ్ లెక్క తప్పలేదని చూశాడు. ముందు సరైన గ్రేడు ఆయిలూ ఫిల్టరూ మార్చి ఇంకో రాత్రి ఉంచాడు. తక్కువ ఖర్చుతో పోయే రోగమైతే పోనీ అని. పోలేదు. అప్పుడు విప్పాడు. ఇంజన్‌ను జాకీ మీద నిలిపి మౌంటు తీసి, సంపు దించి, కవరు ఊడదీస్తే గైడు మీద చైను కోసిన గాడి కనబడింది. గోరు పెడితే అందులో దిగింది. టెన్షనర్ ముల్లు దాదాపు చివరిదాకా బయటికొచ్చి ఉంది, ఇక సాగడానికి చోటు లేదు. చైను సాగింది అంటాం గానీ ఇనుము రబ్బరేం కాదు. ప్రతి లింకులోనూ పిన్ను అణువంత అరుగుతుంది, అన్నీ కలిస్తే మిల్లీమీటర్లవుతాయి. డీజిల్ మసి నిండిన పాత ఆయిల్ ఆ అరుగుదలకు మరీ మేలు చేస్తుంది. ఇంకొన్నాళ్ళు నడిపి చైను పళ్ళు దాటి ఉంటే వాల్వులూ పిస్టన్లూ ఒకే చోటికి ఒకేసారి వచ్చేవి, ఆ తర్వాత ఇంజన్‌ను కేజీల్లో అమ్మడమే.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్. కొట్టాయన ‘ఒరిజినలా, ఒరిజినల్ లాంటిదా, ఒరిజినల్ డబ్బాలోదా?’ అనడిగాడు. మొదటిదే ఇమ్మన్నాను. మూడూ ఒకే అరలో ఉన్నట్టు నాకెందుకో అనిపించింది. చైను, పళ్ళచక్రాలు, గైడ్లు, టెన్షనర్ అన్నీ కలిపే మార్చాలి. ఒక్క టెన్షనర్‌తో సరిపెట్టమని మామయ్య బేరం పెట్టాడు, మేస్త్రి ఆయన వంక చూడను కూడా లేదు.

క్రాంకుకూ క్యామ్‌కూ పిన్నులు గుచ్చి కదలకుండా బంధించి కొత్త చైను ఎక్కించాడు. పిన్నులు తీశాక తాళం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. స్పానర్‌తో చేత్తోనే క్రాంకును రెండు చుట్లు నిదానంగా తిప్పాడు. ఎక్కడైనా అడ్డం తగిలితే ఇప్పుడే చేతికి తెలియాలి, తాళం తిప్పాక తెలిస్తే లాభం లేదు. తగల్లేదు. ఆ రాత్రి కూడా బండిని షెడ్డులోనే ఉంచి పొద్దున స్టార్ట్ చేస్తే నున్నగా అందుకుంది. మామయ్య మాత్రం ట్యాపెట్లు కూడా ఒకసారి చూడమన్నాడు.

మళ్ళీ ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు కాగితం మీద రాస్తే పారేస్తారని మేస్త్రి బానెట్ లోపలే మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాశాడు: 1,68,500. మామయ్య కళ్ళజోడు సర్దుకుని దాన్ని పైకి చదివాడు.

‘ఇదెవరి నంబరల్లుడూ? అంకెలు తగ్గినయ్యే!’