గన్నవరం బ్రదర్

చలికాలంలో ఏ రోజైనా గన్నవరం విమానాశ్రయం బయట పది నిమిషాలు నిలబడండి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చంకలో జిప్పున్న బైబిలు, చేతిలో బంతిపూల దండ, వెనకాల రోజుకింతని మాట్లాడుకున్న ఇన్నోవా. ఆయనే బ్రదర్. పామర్రు దాటాక కాలవ గట్టున ఉన్న తన బళ్ళో ఆయన కరస్పాండెంట్ గారు, ఆదివారం ఆరాధనలో అయ్యగారు. ఒహాయో నుంచో నార్వే నుంచో దిగే వాలంటీర్లకు మాత్రం ఉత్త బ్రదర్. డెల్టాలో ఇలాంటి బ్రదర్ ఒక్కడైనా లేని మండలం ఉందంటే నేను నమ్మను.

ఆ వచ్చే పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊరి చర్చిలో కేకులు అమ్మి, కార్లు కడిగి టికెట్టు డబ్బులు పోగుచేసుకుంటుంది. ఇక్కడుండేది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పాలి, గోడకు రంగు వెయ్యాలి, వీలైతే ఇండియాను అర్థం చేసుకోవాలి.

బ్రదర్ ఇంగ్లీషు నేర్చుకున్నది కింగ్ జేమ్స్ బైబిల్లో. అంటే 1611 నాటి సరుకు. అందులో ‘యూ’ కన్నా ‘దౌ’ ఎక్కువ. మెడలో దండ వేస్తూ, ‘సిస్టర్, దౌ ఆర్ట్ వెరీ టైర్డ్’ అంటాడు. ఆ పిల్ల తన వెనకాల ఏదైనా నాటకం జరుగుతోందేమోనని తిరిగి చూస్తుంది.

దారిలో గుణదల కొండ కనిపిస్తుంది. ‘ఆర్సీయమ్ వాళ్ళది’ అని, అంటే రోమన్ కాథలిక్కులదని, ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. బ్రదర్ ప్రొటెస్టెంటు. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు లక్షల మంది వచ్చి తలనీలాలివ్వడం, కొబ్బరికాయలు కొట్టడం ఆయనకు నచ్చదు. వాళ్ళావిడ, అంటే ఊరందరికీ అమ్మగారు, రెండో కాన్పు కష్టమైతే గుణదల వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చిన సంగతి మాత్రం ఊరంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. బెజవాడలోకి వచ్చాక ఇంద్రకీలాద్రిని చూపించి అదేమిటని ఆ పిల్ల అడిగితే, ‘హిల్’ అంటాడు. అబద్ధం కాదు.

ఉయ్యూరు దాటగానే నోబుల్ దొర కథ మొదలు. ఈ కథ బ్రదర్‌కి కంఠతా. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు దొరలు బందరు వచ్చారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు, అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. వచ్చినవాడు వచ్చినట్టే బందర్లో ఉండిపోయి 1865లో అక్కడే కన్నుమూశాడు. ‘ఇరవై నాలుగేళ్ళు, సిస్టర్! దట్ ఈజ్ వాలంటీర్!’ అని స్టీరింగు ముందున్న శిలువ బొమ్మ ఊగేలా సీటు మీద చరుస్తాడు. ఆ పిల్లకు స్ఫూర్తి కలగాలని ఆయన ఉద్దేశం. ఆమె మెల్లగా ఫోన్ తీసి తిరుగు టికెట్టు ఉందో లేదో చూసుకుంటుంది.

ఫాక్స్ ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళి 1848లోనే పోయాడన్నది బ్రదర్ చెప్పడు. 1852లో ఇద్దరు కుర్రాళ్ళు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించి నోబుల్ బడిని దాదాపు ఖాళీ చేశారన్నది అసలే చెప్పడు. మర్చిపోయి కాదు, రాత్రిళ్ళు ఆయనకు నిద్ర పట్టనివ్వనిది అదే. ఆయన బళ్ళో ఫీజు కట్టే పిల్లల్లో సగానికి పైగా గుడికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు. ఊరి మొగలో రోజూ పొద్దున్నే కార్పొరేట్ స్కూలు పసుపుపచ్చ బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. పైగా పర్యాటక వీసా మీద వచ్చినవాళ్ళు మతప్రచారం చెయ్యకూడదు, దానికి వేరే మిషనరీ వీసా ఉంది. అందుకని ఆ పిల్ల పండ్ల పేర్లు చెబుతూ చెబుతూ ఆపిల్ దగ్గర ఆగి ఏదెను తోటలోకి అడుగు పెట్టబోయిందా, బ్రదర్ వరండాలోంచి పరిగెత్తి లాంగ్ బెల్లు కొట్టేస్తాడు. చట్టమంటే భయం ఒకటి, ప్రసంగం చేసే హక్కు ఆ ఊళ్ళో తనదేనన్న పట్టింపు ఇంకొకటి. ఏది ఎక్కువో నేను తేల్చలేను.

వాలంటీరు వస్తోందని మైకులో చెప్పిన మొదటి ఏడు పెద్ద గందరగోళమైంది. 2019లో ప్రభుత్వం పెట్టిన గ్రామ వాలంటీర్లు ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టి వెళ్ళడం అలవాటైన ముసలమ్మలు, ఆ తెల్లపిల్ల గడపలోకి రాగానే వేలిముద్రకు బొటనవేలు చాపారు. ఆమె అదేదో మన ఆచారమనుకుని తన బొటనవేలు వాళ్ళ వేలికి ఆనించి నమస్కారం పెట్టింది. తర్వాత ఊరి పిల్లలు నెల రోజులు అలాగే పలకరించుకున్నారు.

క్లాసు ముందురోజు సాయంత్రం పిల్లలకు బ్రదర్ ప్రత్యేక శిక్షణ ఇస్తాడు. ‘రేపు అక్క యాక్షన్ సాంగ్ నేర్పుతుంది. మీకది రాదు. అర్థమైందా? రాదు!’ ఆ పాట వాళ్ళకు మే నెల వీబీఎస్‌లోనే, అంటే సెలవుల బైబిలు బడిలోనే వచ్చేసింది, కిందటేడు వచ్చిన అక్క నేర్పింది, అంతకు ముందటేడు అన్న నేర్పాడు. అయినా పిల్లలు ఎంత చక్కగా తడబడతారో చూడాలి! మొదటిరోజు చెయ్యి ఎత్తమంటే కాలు ఎత్తుతారు, మూడో రోజుకు సరిదిద్దుకుంటారు, పదో రోజుకు అదరగొడతారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని వీడియో తీసుకుంటుంది. ఒక్కసారి మాత్రం మూడో తరగతి బుడతడు తొందరపడి, ఆమెకింకా రాని చరణం కూడా పాడేశాడు. వాడికి ఆ పూట లడ్డు లేదు.

గోడ సంగతి సరేసరి. వచ్చిన ప్రతి వాలంటీరూ తూర్పు గోడకే రంగు వేస్తుంది, ఫొటోలకు వెలుతురు అక్కడే బాగా పడుతుంది గనక. వాళ్ళు పడుకున్నాక పెయింటు మేస్త్రీ టార్చిలైటు పెట్టుకుని వచ్చి కారినచోట గీకి మళ్ళీ వేస్తాడు. పొర మీద పొర పడి తరగతి గది ఏడాదికి అంగుళం చొప్పున ఇరుకవుతోందని పిల్లల లెక్క.

తిండి దగ్గర అమ్మగారిది కఠినమైన నియమం: అతిథికి కారం వెయ్యకూడదు. ఆవిడ లెక్కలో పచ్చిమిరపకాయ కారం కిందికి రాదు. రెండో రోజు నుంచి ఆ పిల్ల చక్కెరకేళీల మీద బతుకుతుంది. వెళ్ళేముందు కొండపల్లి తీసుకెళితే, బొమ్మల్లో ఏరి ఏరి దశావతారాల సెట్టు కొనుక్కుని, ‘బ్రదర్, వీళ్ళు శిష్యులా? పదిమందే ఉన్నారేం?’ అని అడుగుతుంది. బ్రదర్ గొంతు సవరించుకుని, ‘వెరీ లైట్ వుడ్, సిస్టర్’ అంటాడు. అదీ నిజమే, తెల్లపొణికి కర్ర తేలిక.

ఇంత చేస్తాడా, ఊళ్ళో ఆయనకు పేరు డాలర్ల బ్రదర్. కొందరు బ్రదర్లకు మేడలు లేచిన మాట కాదనను. ఈయనకు మాత్రం సెకండ్ హ్యాండ్ టీవీయస్, కిరాణా కొట్టులో ఖాతా మిగిలాయి. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. పామర్రు బ్రాంచిలో పాసుబుక్కు ప్రింటు వేయించుకోవడానికే ఒక పూట పట్టే మనిషికి ఢిల్లీ ఎక్కడ? అందుకని ఆయనకు దక్కేవి రంగు పెన్సిళ్ళు, బుడగలు, నవ్వే సూర్యుడి స్టిక్కర్లు. ఆ ఊళ్ళో గేదె కొమ్ములు కూడా నవ్వుతుంటాయి.

ఆ పిల్ల వెళ్ళిపోయిన సోమవారం, మూడో తరగతి టీచరమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడుతుంది. రెండు వారాలుగా ఆగిపోయిన లెక్కల పాఠం మళ్ళీ ఎత్తుకోవాల్సింది ఆవిడే.

‘అయ్యగారూ, రెండు నెలల జీతం అలాగే ఉండిపోయిందండీ.’

‘సేవ అనుకోవాలమ్మా. ఆ అమ్మాయిని చూడు, సొంత డబ్బు పెట్టుకుని సముద్రాలు దాటి వచ్చింది. వాలంటీరంటే అదీ.’

‘నేనూ వాలంటీరుననే అనుకుంటానండీ. మన ఊరి వాలంటీరుకి నెలకి 5000 ఇచ్చేవాళ్ళు కదండీ. పోనీ, అదే ఇప్పించండి.’

బ్రదర్ జేబులోంచి 500 నోటు తీసి, గోడ మేస్త్రీకి బాకీ ఉన్న సంగతి గుర్తొచ్చి, మళ్ళీ లోపల పెట్టుకుంటాడు.