హంతకుడెవరో మా అత్తయ్యకు ముందే తెలుసు

హత్య చేయడానికి కత్తి చాలు. హత్య మీద నవల రాయడానికి మాత్రం మంచు కావాలి. పట్టాల మీద నిలువెత్తు మంచు పేరుకుందంటే పోలీసులు రాలేరు, హంతకుడు పారిపోలేడు. రచయిత్రికి ఊరంతా గాలించే పని తప్పుతుంది. చంపినవాడు ఈ పెట్టెలోనే ఉన్నాడు, తేల్చండి అని పాఠకుల మీదకు తోసేసి హాయిగా కూర్చోవచ్చు.

అగాథా క్రిస్టీ ఆ మంచును గాల్లోంచి పుట్టించలేదు. 1929లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నిజంగానే టర్కీలో మంచులో కూరుకుపోయి రోజుల తరబడి కదల్లేదు. 1931 చివర్లో ఆవిడే ఆ రైల్లో ఇంటికొస్తుంటే వానలకు పట్టాలు దెబ్బతిని బండి ఆగిపోయింది. మనమైతే రైల్వేవాళ్లను తిట్టుకుంటూ పులిహోర పొట్లం విప్పేవాళ్లం. ఆవిడ తోటి ప్రయాణికులను ఒక్కొక్కరినే పరకాయించి చూసి, వాళ్ల మాటలూ వాలకాలూ మొగుడికి ఉత్తరంలో రాసింది. 1934లో నవల వచ్చింది. యుగోస్లావియాలో మంచులో ఆగిన రైలు, లోపల గడియ వేసిన గది, ఒంటి మీద పన్నెండు కత్తిపోట్లతో రాచెట్ అనే ఆసామి. ఆ పక్క గదిలోనే, మీసాల మీద ప్రాణాలు పెట్టుకున్న బెల్జియం డిటెక్టివ్ పొయిరో.

ఈ కథ మన స్లీపర్ క్లాసులో నడవదు. బండి సామర్లకోట ఔటర్లో కాసేపు ఆగితే చాలు, టీ, సమోసా, వేయించిన పల్లీలు, సెల్‌ఫోన్ కవర్లు, అన్నీ ఈ గుమ్మంలో ఎక్కి ఆ గుమ్మంలో దిగిపోతాయి. బయటివాళ్లెవరూ లోపలికి రాలేదని పొయిరో ఏ మొహం పెట్టుకుని అంటాడు? పైగా కథ ప్రకారం ప్రయాణికులంతా ఒకరికొకరు ఏమీ కానట్టు ముభావంగా ఉండాలి. మనకి తుని దాటేలోపు ఎదురు బెర్తు ఆయన పింఛనూ, షుగరు లెక్కా, చిన్నల్లుడి నిర్వాకమూ తెలిసిపోతాయి. ఆయన గతం తవ్వడానికి డిటెక్టివ్ దేనికి, కిటికీ పక్క సీటు ఇస్తే సరిపోతుంది.

ఆ సంగతి అలా ఉంచండి. మూసిన గదిలో హత్య సినిమాకి అసలు గండం మరో మూసిన గదిలో ఉంటుంది. అది మా హాలు. అందులో టీవీ ఎదురుగా, కాళ్లు బారజాపుకుని, ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం పెట్టుకుని మా మేనత్త ఉంటుంది.

అత్తయ్యకు ఇంగ్లిషు రాదు. ఆధారాలు, వేలిముద్రలు, ఆగిపోయిన గడియారాలు అక్కర్లేదు. ఆవిడ నమ్ముకున్న శాస్త్రం ఒక్కటే, పారితోషికం. "అంత డబ్బు తీసుకునేవాడు కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డానికి వస్తాడట్రా? వాడే చంపాడు." తెలుగు సినిమాల్లో ఈ సూత్రానికి తిరుగులేదు. దేవుడి పటాలు తుడుస్తూ, హీరోయిన్ని "అమ్మా" అని పిలుస్తూ, మొదటి గంటలో నోరెత్తని పెద్దమనిషి వేషంలో పేరున్న నటుడు కనిపించాడా, విశ్రాంతి కార్డు పడకముందే తీర్పు చెప్పేసి తాలింపు వేయడానికి లేచిపోతుంది. దర్శకుడు మిగతా గంటన్నరా మా మొహాలు చూస్తూ కూర్చోవాలి.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథను సిడ్నీ ల్యూమెట్ 1974లో సినిమాగా తీశాడు. నా ఉద్దేశంలో అత్తయ్యలాంటి వాళ్లకు విరుగుడుగానే తీశాడు. ఒక్క పెద్ద నటుణ్ని పెడితే పట్టేసుకుంటారని రైలు పెట్టె నిండా పెద్దవాళ్లనే కుక్కాడు. అత్తయ్య దర్యాప్తు మొదలుపెట్టింది.

"ఆ మీసాలాయన ఎవర్రా?"

"జేమ్స్ బాండ్‌గా వేసేవాడు అత్తయ్యా, షాన్ కానరీ."

"ఈ దేవుడి గొడవ మనిషి?"

"ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. ఈ వేషానికే ఆస్కార్ ఇచ్చారు."

"నౌకరో?"

"జాన్ గీల్‌గుడ్. ఇంగ్లండులో నాటకాలకి మకుటంలేని మహారాజు. సర్ బిరుదు కూడా ఉంది."

"సర్ బిరుదున్నాయన చేత నౌకరు వేషం వేయించారూ?"

లారెన్ బకాల్, వెనెస్సా రెడ్‌గ్రేవ్, ఆంథొనీ పెర్కిన్స్, అందరి హోదాలూ వాకబు చేసింది. చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసి, "అయితే ఇంకేముంది, అందరూ కలిసే పొడిచారు" అంది. తెర మీద పొయిరో ఇంకా వాళ్ల వాంగ్మూలాలు తీసుకుంటున్నాడు. నవల వచ్చి తొంభై ఏళ్లు దాటింది గనక దాచేదేముంది, సరిగ్గా అంతే జరిగింది. క్రిస్టీ అన్ని పేజీల్లో కప్పెట్టిన రహస్యాన్ని తారల జీతాల పట్టీ చదివి తేల్చేసింది.

ఆవిడకు అంతుపట్టనిది వెతికి మరీ చెప్పాను. క్రిస్టీదే, 1939 నాటిది. దీవిలో ఒంటరి బంగళా, పదిమంది మనుషులు. ఒక్కొక్కరే పోతుంటారు, చివరికి ఒక్కరూ మిగలరు. సినిమా కాదు కాబట్టి పారితోషికాలు లేవు. అత్తయ్య శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేసింది.

"అందరూ పోతే, ఈ సంగతి నీకెవరు చెప్పార్రా?"

నవ్వుకోవడానికి లేదు. క్రిస్టీని ఇరకాటంలో పెట్టిందీ ఈ ప్రశ్నే. పోలీసులు వచ్చి పది శవాలు చూసి తలలు పట్టుకుంటారు. అందుకని హంతకుడి చేత అంతా పూసగుచ్చినట్టు రాయించి, ఆ కాగితాలు సీసాలో పెట్టించి సముద్రంలో వేయించింది. అది చేపల పడవవాళ్లకు దొరికితే గానీ మనకు తెలియలేదు. 1943లో అదే కథను నాటకంగా వేసినప్పుడు సీసా తీసేసి, ఓ అబ్బాయినీ అమ్మాయినీ బతికించి జంట కలిపింది. నాకు సీసాయే ఇష్టం. అత్తయ్యకు జంట నచ్చింది. "ఎనిమిది చావుల ఇంట్లో ఒక శుభకార్యమన్నా అయింది" అంది.

లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న 'మౌస్‌ట్రాప్' కూడా క్రిస్టీదే. మళ్లీ మంచే. దారులు మూసుకుపోయిన ఇల్లు, లోపల బస చేసినవాళ్లు, స్కీలు కట్టుకుని మంచు మీద జారుకుంటూ వచ్చే పోలీసు. ఇన్నేళ్లలో దాన్ని నెలల తరబడి మూయించగలిగింది కరోనా ఒక్కటే. నటులు మారిపోతూనే ఉంటారు గనక అక్కడ పారితోషికం సూత్రం పనిచేయదు. ఆట అయ్యాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకులను వేడుకోవడం ఆనవాయితీ.

అక్కడే ఉద్యోగం చేస్తున్న మా బావ ఆ నాటకం చూసొచ్చి వీడియో కాల్ చేశాడు. కన్నతల్లి ఎంత బతిమాలినా మాటిచ్చానంటూ పేరు చెప్పలేదు. చివర్లో ఒకాయన వచ్చి ఎవరికీ చెప్పొద్దని ఎంత మర్యాదగా అడిగాడో మాత్రం మురిసిపోతూ చెప్పాడు.

"చెప్పొద్దని బతిమాలే అవసరం ఇంకెవరికుంటుందిరా?" అంది అత్తయ్య. "వాడే!"

బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సిగ్నల్ సరిగా లేదన్నాడు.