ట్రాక్టర్ ట్రాలీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రాలీ గారికి,

మానుకోట నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ముందుగా మేం మీకు పడ్డ రుణం చెప్పుకోవాలి. మక్కలు, మిర్చి బస్తాలు, పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్ దాకా మోసింది మీరే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోతే వంట సామాను, కోళ్లు, సమ్మక్క తల్లికి మొక్కుకున్న బెల్లం బంగారం అన్నీ మీ డబ్బాలోనే. ఆ మేలు మరవలేదు. మా వంతుగా మేమూ మీకు ఏ లోటూ చేయలేదు. దసరాకు కడిగి పసుపు కుంకుమలు పెట్టాం. టైర్లు అరిగితే అప్పు తెచ్చి మార్చాం. అడుగు రేకు తుప్పు పడితే వెల్డింగ్ చేయించాం.

జనగామ దిక్కు సాఫు రోడ్ల మీద మిమ్మల్ని ఒక్క మాట అనేది లేదు. ఇంజన్ వెనకాల బుద్ధిగా వస్తారు. గూడూరు దాటి కొత్తగూడ, గంగారం అడవుల్లో గుట్టలు, మూల మలుపులు తగిలాయంటే మాత్రం మీరు మీరు కారు.

దిగుడులో డ్రైవర్ బ్రేకు తొక్కితే ఇంజన్ చక్రాలు ఆగుతాయి. మీవి ఆగవు, మీకు బ్రేకులే లేవు కాబట్టి. బరువంతా మీది, ఆపే భారమంతా ఇంజన్‌ది. వెనక నుంచి మీరు తోస్తారు. మలుపులో ఆ తోపుడుకు ఇంజన్ అడ్డం తిరిగితే దాని మీదికే వస్తారు. అందుకే తెలిసిన డ్రైవర్లు దిగుడు మొదలుకాకముందే చిన్న గేరులో వేసుకుని, కింది దాకా మార్చకుండా దిగుతారు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసినవాణ్ని మీరు క్షమించరు.

ఇంకో సంగతి వినండి. ట్రాక్టర్‌కు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి బ్రేకు పెడల్ ఉంటుంది. దుక్కిలో సాలు చివర మలపడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి చిన్న ఇనుప పట్టీతో లాక్ వేయాలి. పొద్దుగూకేదాకా దున్ని, అలాగే మిమ్మల్ని తగిలించుకుని బయల్దేరిన పిల్లగాడు ఆ పట్టీ మరిచాడనుకోండి. దిగుడులో ఒక వైపు చక్రమే పట్టుకుంటుంది. మరుపు వాడిదే, కాదనను. ఖాళీ ఇంజన్ అయితే స్టీరింగ్ తిప్పి బతికి బయటపడేవాడు. వెనక నిండు లోడుతో మీరుంటే వాడికి ఆ వ్యవధి దొరకదు.

ఎక్కుడులో మీరు వెనక్కి గుంజుతుంటే ఇంజన్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా మాట వినదు. ఇక రాత్రి పూట భూపాలపల్లి నుంచి కాళేశ్వరం పోయే అడవి రోడ్డు పక్కన మీరు ఆగి ఉంటే, వెనక లైటు లేని మిమ్మల్ని బైకు మీద వచ్చేవాడు ఎట్లా చూడాలి? రేడియం పట్టీ అతికిస్తే వారం తిరక్కుండా బురద పూసుకుంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మనుషుల్ని ఎక్కించుకోవడం ఒక ఎత్తు. మీరు సరుకుకు పుట్టినవారు. కూర్చునే బల్ల లేదు, పట్టుకునే కమ్మీ లేదు. చట్టమూ ఒప్పుకోదు. అయినా మిర్చి ఏరబోయే ఆడవాళ్లు పొద్దున్నే సద్ది గిన్నెలతో మీ డబ్బాలోనే నిలబడతారు, వేరే బండి లేక. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కూలికి పోయే ఆడవాళ్లు. అది గుట్ట కూడా కాదు, కాలువ గట్టు. ఆ మాట తలచుకున్నాక మీకు మర్యాదగా రాయడం నా వల్ల కావడం లేదు.

ఇంజన్‌కు ఉన్నట్టే ట్రాలీ చక్రాలకూ బ్రేకులు బిగించే పద్ధతి ఉంది. ఖర్చవుతుంది, ఆ ఖర్చు మేమే పెట్టుకుంటాం. పత్తి తీతలకు ముందే మిమ్మల్ని షెడ్డుకు తోలుకుపోతున్నాం. బ్రేకులు, వెనక రెండు ఎర్ర లైట్లు, కొక్కెం పిన్నుకు తీగ ముక్క బదులు సరైన క్లిప్పు, దానికి తోడుగా ఒక గొలుసు. అవి బిగించేదాకా గంగారం గుట్ట దిగడానికి మిమ్మల్ని తగిలించం. బిగించాక కూడా కూలి మనుషులను మీలో ఎక్కనివ్వం, ఆటో కిరాయి మేమే ఇస్తాం.

చిత్తగించగలరు.

ఇట్లు,
మీ బరువు గుంజే ఇంటివాడు